ఇంట గెలుపు, రచ్చ గెలుపు: అమెరికా కళాశాలల బాస్కెట్‌బాల్ పోటీలో వరుసలూ వేదికలూ



ఇంట గెలిచి రచ్చ గెలవమని మన పెద్దల మాట. రచ్చ అంటే నేడు గొడవ అనే అర్థమే మిగిలింది గాని, అసలు అర్థం ఊరుమ్మడి స్థలం. రచ్చబండ ఏ ఒక్కరి వాకిలీ కాదు. కనుకనే అక్కడ చెప్పిన తీర్పుకు ఊరు తలవంచేది. అదే తీర్పును ఒక మోతుబరి చావడిలో కూర్చుని చెబితే, అది ఎంత ధర్మబద్ధమైనదైనా వినేవారికి అనుమానం మిగిలిపోతుంది. న్యాయానికి స్థలంతో ఇంత సంబంధం ఉన్నదన్న సంగతి నాకు బాగా తెలిసివచ్చినది ధర్మశాస్త్రాల వల్ల కాదు. అమెరికాలో ఏటా మార్చి నెలలో జరిగే కళాశాలల బాస్కెట్‌బాల్ పోటీ చరిత్ర వల్ల. ఆ దేశంలోని పిల్లల వద్ద మార్చి నెల గడిపిన తల్లిదండ్రులు ఈ పోటీ సందడిని చూసే ఉంటారు. ఆ సందడి వెనుక ఎనభై ఏళ్ళకు పైబడి సాగుతున్న ఒక వివాదం ఉన్నది. ఈ టపా దాని గురించి.

ముందుగా పోటీ స్వరూపం చెప్పుకుందాం. దీనిని నిర్వహించే సంస్థ ఎన్‌సీఏఏ. 1939లో ఎనిమిది జట్లతో మొదలైన పురుషుల పోటీ పెరిగి పెరిగి 1985 నాటికి 64 జట్లకు, 2011 నాటికి 68 జట్లకు చేరింది. ఒక్క ఆట ఓడితే ఇక అంతే, మళ్ళీ అవకాశం లేదు. ఆడేవారు విద్యార్థులు. చదువు చివరి సంవత్సరంలో ఉన్న పిల్లవానికి ఆ ఓడిన ఆటే తన కళాశాల పేరు గుండెమీద వేసుకుని ఆడిన కడపటి ఆట. పేరుమోసిన విశ్వవిద్యాలయాలు దాదాపు ప్రతి ఏడూ వస్తాయి. చిన్న కళాశాలలకు ఈ పిలుపు తరానికొకసారి వస్తే గొప్ప. పైగా జట్టు ఆడిన ప్రతి ఆటకూ దాని కూటమికి ఎన్‌సీఏఏ రాబడిలో వాటా ముడుతుంది. ఆ వాటా ఆరేళ్ళపాటు అందుతుంది. కనుక ఎవరు ఎవరితో ఆడాలి, ఎక్కడ ఆడాలి అన్న రెండు ప్రశ్నలకు వచ్చే జవాబుల మీద పిల్లల ఆశలూ కళాశాలల ఆదాయమూ కూడా ఆధారపడి ఉన్నాయి.

మొదటి ప్రశ్నకు జవాబు సీడింగు. సీడు అంటే విత్తనమే. టెన్నిసు ఆట నుంచి వచ్చిన వాడుక ఇది. మన రైతు గింజలన్నిటినీ ఒకే గుంటలో పోయడు. ఎడం ఎడంగా వేస్తాడు. అట్లాగే మేటి జట్లు తొలి అంచెలోనే ఒకదానినొకటి తొక్కుకోకుండా వాటిని పట్టికలో ఎడంగా నాటడమే సీడింగు. పోటీని నాలుగు ప్రాంతాలుగా విభజించి, ఒక్కొక్క ప్రాంతంలో ఒకటి నుంచి పదహారు వరకు వరుస సంఖ్యలు ఇస్తారు. ఒకటో సీడు పదహారో సీడుతో, రెండు పదిహేనుతో, ఇలా ఆడతాయి. రెండో ప్రశ్నకు జవాబు వేదిక. ఆట సొంత ఊళ్ళోనా, పొరుగూళ్ళోనా, ఎవరికీ చెందని చోటనా? మొసలికి నీళ్ళలో ఉన్న బలం గట్టున ఉండదని మన పిల్లలకు కూడా తెలుసు. వరుస ఎంత ధర్మంగా వేసినా వేదికను పట్టించుకోకపోతే ఆ ధర్మం సగమే. ఈ పోటీ చరిత్ర అంతా ఆ మిగిలిన సగం కోసం జరిగిన వెదుకులాట.

తొలినాళ్ళలో వరుసలు లేవు. దేశాన్ని ఎనిమిది జిల్లాలుగా విభజించి, జిల్లాకొక జట్టును పిలిచారు. 1939 తుదిపోరు ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఎవాన్‌స్టన్‌లో జరిగింది. ఆరిగన్ జట్టు 46–33 తేడాతో ఒహాయో స్టేట్‌ను ఓడించింది. మరుసటి సంవత్సరం తుదిపోరు కాన్సస్ సిటీలో పెట్టారు. కాన్సస్ విశ్వవిద్యాలయం ఉన్న లారెన్స్ అక్కడికి కూతవేటు దూరం. అయినా ఇండియానా జట్టు 60–42తో గెలిచింది. 1957లో అదే నగరంలో, విల్ట్ చాంబర్లేన్ అంతటి మహాకాయుడు ఉన్న కాన్సస్‌ను నార్త్ కరొలైనా మూడు అదనపు సమయాల తరువాత 54–53తో ఓడించింది. సొంత జనం మధ్య ఆడటం బలమే గాని వరం కాదని ఈ రెండు ఆటలూ చెబుతాయి. అయితే వాటిని చూపి వేదిక సంగతి పట్టించుకోనక్కరలేదనడం పొరపాటు. గెలిచినవాడు ఎదురీది గెలిచాడంటే, ఏరు అతనికి ఎదురుగా పారుతున్నదనే కదా అర్థం!

1950 నాటి కథ దీనికి తిరగేసినది. అప్పట్లో న్యూయార్క్‌లో ఎన్‌ఐటీ అనే మరో పోటీ ఉండేది. ఎన్‌సీఏఏ పోటీకంటె ఒక సంవత్సరం ముందు, 1938లో పుట్టిన ఆ పోటీకి అప్పట్లో గౌరవం తక్కువేమీ కాదు. న్యూయార్క్ నగరానికే చెందిన సిటీ కాలేజి జట్టు ఒకే ఏట రెండు పోటీలూ గెలిచింది. మరే జట్టూ ఆ ఘనత సాధించలేదు. రెండు తుదిపోర్లలోనూ ఎదుటి జట్టు ఇల్లినాయ్‌కు చెందిన బ్రాడ్లీ. రెండూ జరిగినది ఆ నగరంలోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లోనే. ఆ పిల్లల ప్రతిభను తక్కువచేయడం నా ఉద్దేశం కాదు. కాని బ్రాడ్లీ పిల్లలకు ఒక్కసారైనా తటస్థ వేదిక దక్కలేదన్నది కూడా చరిత్రే. ఆ ఏడే మరో అన్యాయం. ముందటి రెండేళ్ళ విజేత కెంటకీని కాదని, ఆ జిల్లా నుంచి నార్త్ కరొలైనా స్టేట్‌ను ఎంపిక చేశారు. జిల్లాకొకటే చోటు అన్న నియమం ఉన్నంతకాలం ఈ చిక్కు తప్పదని తేలిపోయి, మరుసటి సంవత్సరం జట్లను 16కు పెంచారు.

వేదిక అంటే దూరం, జనం, కేకలు మాత్రమే కాదు. ఆ కాలపు అమెరికాలో వేదిక అంటే వర్ణం కూడా. మిసిసిపీ స్టేట్ జట్టు 1959, 1961, 1962 సంవత్సరాలలో తన కూటమిలో అగ్రస్థానం దక్కించుకుని కూడా జాతీయ పోటీకి వెళ్ళలేదు. నల్లజాతి ఆటగాళ్ళున్న జట్లతో ఆడరాదని ఆ రాష్ట్రంలో ఒక అలిఖిత కట్టుబాటు. 1963లో మళ్ళీ అర్హత వచ్చింది. విశ్వవిద్యాలయం వెళ్ళాలనే నిర్ణయించింది. గవర్నరు రాస్ బార్నెట్ వ్యతిరేకించాడు. జట్టు కదలరాదని కోర్టు ఉత్తర్వు కూడా పుట్టింది. ఆ ఉత్తర్వు చేతికి అందకముందే శిక్షకుడు బేబ్ మెకార్తీ రాష్ట్రపు పొలిమేర దాటాడు. జట్టును వెనుకనే చాటుగా తరలించారు. మార్చి 15న మిషిగన్ రాష్ట్రంలోని ఈస్ట్ లాన్సింగ్‌లో షికాగో లొయోలాతో ఆట. లొయోలా తరఫున ఆట మొదలుపెట్టిన అయిదుగురిలో నలుగురు నల్లజాతి యువకులు. ఆటకు ముందు ఇరుజట్ల నాయకులు జో డాన్ గోల్డ్, జెర్రీ హార్క్‌నెస్ కరచాలనం చేసుకున్నారు. లొయోలా 61–51తో గెలిచింది. ఆపై ఆ ఏటి విజేత కూడా అయింది. మిసిసిపీ పిల్లలు ఓడిపోయారు. కాని అంతకుముందు మూడుసార్లు వారి అన్నలకు దక్కనిది వారికి దక్కింది. అది ఓడిపోయే హక్కు. పోటీలో న్యాయం అనేది గెలిపించడంలో లేదు, ఆడనివ్వడంలో ఉన్నది.

ఇక 1960లు, 70లు యూసీఎల్ఏ యుగం. జాన్ వుడెన్ శిక్షణలో ఆ జట్టు 1964 నుంచి 1975 వరకు పన్నెండేళ్ళలో పది విజయాలు సాధించింది. ఇందులో ఏడు వరుసగా వచ్చినవి. ఆ జట్టు మహత్తర జట్టు, సందేహం లేదు. కాని ఆనాటి పద్ధతిలో వరుసలు లేవు. ఏ ప్రాంతపు జట్లు ఆ ప్రాంతంలోనే ఆడేవి. తూర్పున బలమైన జట్లు ఒకదానినొకటి కూల్చుకుంటూ ఉండగా, పడమట యూసీఎల్ఏకు సాటి వచ్చేవారు తక్కువ. 1969, 1973లలో పడమటి ప్రాంతీయ పోటీ యూసీఎల్ఏ సొంత క్రీడాశాల పాలీ పెవిలియన్‌లోనే జరిగింది. 1968, 1972 తుదిపోర్లు లాస్ ఏంజెలెస్‌లోనే జరిగాయి. ఇది ఎవరో కుట్రపన్ని చేసినది కాదు. వేదికలు ముందుగా ఖాయం చేసినవి. గెలిచే జట్టు ఆ ఊరిది కావడం కాకతాళీయం. అయితే కాకతాళీయంలో తాటిపండు ఎవరి నెత్తిన పడిందో వారికి నొప్పి నిజమే గదా!

ఆ నొప్పి భరించనని ఎదురుతిరిగినవాడు మార్కెట్ విశ్వవిద్యాలయ శిక్షకుడు ఆల్ మెక్‌గ్వైర్. 1970లో ఆయన జట్టును ఇంటికి దగ్గరగా ఒహాయోలోని డేటన్‌కు కాక, ఎక్కడో టెక్సస్‌లోని ఫోర్ట్ వర్త్‌కు పొమ్మన్నారు. ఆయన జాతీయ పోటీనే వద్దన్నాడు. న్యూయార్క్‌కు వెళ్ళి ఎన్‌ఐటీ గెలిచి వచ్చాడు. ఎన్‌సీఏఏ ఏం చేసింది? వేదికల పద్ధతిని సరిదిద్దడానికి ముందు, తమ పిలుపు కాదన్నవారు మరే పోటీకీ వెళ్ళరాదని నియమం పెట్టింది. ఫిర్యాదు విని ఫిర్యాదుదారు నోరు కట్టడమంటే ఇదే. ఆ నియమం మీద నడిచిన వ్యాజ్యం 2005లో రాజీతో ముగిసింది. ఎన్‌ఐటీని ఎన్‌సీఏఏ కొనుక్కున్నది.

అదే 1970లో సౌత్ కరొలైనా జట్టుది మరో విచిత్రమైన బాధ. తన కూటమిలో ఆడిన పద్నాలుగు ఆటలూ గెలిచింది. కాని ఆ కూటమి నుంచి జాతీయ పోటీకి వెళ్ళేది చివర జరిగే చిన్న పోటీలో నెగ్గిన ఒక్క జట్టే. ఆ తుదిపోరులో రెండు అదనపు సమయాల తరువాత 42–39తో నార్త్ కరొలైనా స్టేట్ చేతిలో ఓడింది. ఆ ఏటి తూర్పు ప్రాంతీయ పోటీ జరిగినది ఎక్కడ? కొలంబియాలో, సౌత్ కరొలైనా సొంత క్రీడాశాలలో. పందిరి వేసినవారికి పంక్తిలో విస్తరి లేకపోయింది! నాలుగేళ్ళ తరువాత, 1974లో, దేశంలో నాలుగో స్థానంలో ఉన్న మేరీలాండ్ కూడా ఇలాగే అదనపు సమయంలో 103–100తో ఓడి ఇంటి దారి పట్టింది. గెలిచినది మళ్ళీ నార్త్ కరొలైనా స్టేటే. ఆ జట్టు ప్రాంతీయ ఆటలు తన సొంత రేనాల్డ్స్ కొలీసియంలో ఆడింది; తుది అంచె అదే రాష్ట్రంలోని గ్రీన్స్‌బరోలో ఆడింది; రాష్ట్రపు పొలిమేర దాటకుండానే జాతీయ విజేత అయింది. సెమీఫైనల్లో యూసీఎల్ఏ ఏడేళ్ళ జైత్రయాత్రను రెండు అదనపు సమయాలలో 80–77తో ఆపినది కూడా అక్కడే. పాలీ పెవిలియన్‌లో ఎవరికో జరిగినది గ్రీన్స్‌బరోలో యూసీఎల్ఏకు జరిగింది.

మేరీలాండ్ కడుపుకోత ఊరికే పోలేదు. 1975లో జట్లను 32కు పెంచి, కూటమికొకటే అన్న కట్టు తెంచారు. మరుసటి ఏడే ఇండియానా, మిషిగన్ అనే ఒకే కూటమి జట్లు తుదిపోరులో తలపడ్డాయి. పాత నియమమే ఉండి ఉంటే అందులో ఒకటి ఇంట్లో కూర్చునేది. జట్లు పెరిగిన కొద్దీ ఎవరిని ఎక్కడ నాటాలన్న ప్రశ్న ముదిరి, 1978లో పాక్షికంగా, 1979లో పూర్తిగా సీడింగు వచ్చింది.

వరుసలు వచ్చిన తొలి సంవత్సరమే వాటికి గర్వభంగం జరిగింది. 1979లో తూర్పు ప్రాంతపు ఒకటో సీడు నార్త్ కరొలైనా, రెండో సీడు డ్యూక్. రెండూ తమ ఇళ్ళకు దగ్గరలో ఉన్న రాలీ నగరంలో ఆడాయి. మార్చి 11, ఆదివారం. తొమ్మిదో సీడు పెన్ జట్టు నార్త్ కరొలైనాను 72–71తోనూ, పదో సీడు సెయింట్ జాన్స్ డ్యూక్‌ను 80–78తోనూ ఓడించాయి. ఆ రాష్ట్రంవారు నేటికీ దానిని నల్ల ఆదివారం అంటారు. మంచి వరుస, మంచి వేదిక, రెండూ ఒకరికే ఇచ్చినా ఫలితం ఎవరి చెప్పుచేతల్లోనూ లేదు. పెన్ జట్టు ఆ ఊపుతో చివరి నాలుగు జట్లలో ఒకటిగా నిలిచింది. 1985లో ఎనిమిదో సీడు విలనోవా ఏకంగా విజేతే అయింది. తాడిని తన్నేవాడుంటే వాని తలదన్నేవాడు ఉంటాడు. వరుస అనేది తీర్పు కాదు, అంచనా మాత్రమే అని చెప్పడానికి ఇంతకంటె ఏం కావాలి?

సొంత క్రీడాశాల ప్రశ్న మాత్రం 1986 దాకా నలుగుతూనే ఉన్నది. ఆ ఏడు పదకొండో సీడు లూయిసియానా స్టేట్ తొలి రెండు ఆటలూ బేటన్ రూజ్‌లోని సొంత క్రీడాశాలలోనే ఆడింది. ఆరో సీడు పర్డ్యూ, మూడో సీడు మెంఫిస్ స్టేట్ అంతదూరం వెళ్ళి, తమకంటె తక్కువ వరుసలో ఉన్న జట్టు వాకిట్లో ఆడి ఓడిపోయాయి. పర్డ్యూతో ఆట రెండు అదనపు సమయాల దాకా వెళ్ళింది. మెంఫిస్‌తో తేడా రెండే పాయింట్లు. అంత స్వల్పమైన అంతరంలో జనఘోష పాలు ఎంతో ఎవరు చెప్పగలరు? అయితే ఆ జట్టును పూర్తిగా నిందించడానికీ వీలులేదు. తరువాత అట్లాంటా వెళ్ళి, అక్కడి జార్జియా టెక్‌ను దాని సొంత నగరంలోనే ఓడించింది. ఆపై ఒకటో సీడు కెంటకీని రెండు పాయింట్లతో దాటింది. ఇంట గెలిచి రచ్చ గెలవడమంటే అక్షరాలా ఇదే. అదే ఏడు సిరక్యూస్ జట్టు తన క్యారియర్ డోమ్‌లో ఆడుతూ, డేవిడ్ రాబిన్సన్ ఉన్న నేవీ చేతిలో 97–85తో ఓడింది. ఇంటివారు గెలిచినా ఓడినా, ఇంట ఆడించడమే తప్పన్న అభిప్రాయం బలపడింది. 1989 నుంచి ఏ జట్టూ సొంత క్రీడాశాలలో ఆడరాదన్న నియమం అమలైంది.

నియమం పుట్టగానే నిర్వచనం కావలసివచ్చింది. సొంత క్రీడాశాల అంటే ఏది? ఆ ఏడు మూడు ఆటలకు మించి ఎక్కడ ఆడితే అది. 2009లో విలనోవా ఫిలడెల్ఫియాలోని పెద్ద క్రీడాశాలలో సరిగ్గా మూడు ఆటలే ఆడి ఉన్నది. కనుక ఇంటి ఊళ్ళోనే జాతీయ పోటీ తొలి అంచెలు ఆడింది. నియమం ఎక్కడా చెడలేదు. భావం చెడిందా లేదా అన్నది చదువరులు ఆలోచించండి. 2015లో మరో వింత. 68 జట్లలో చివరి నాలుగు చోట్ల కోసం జరిగే ప్రారంభపు ఆటలకు డేటన్ నగరం స్థిర వేదిక. వాటికి ఈ నియమం వర్తించదు. ఆ ఏడు ఆ ఆటలకు డేటన్ జట్టే వచ్చిపడింది! సొంత క్రీడాశాలలో బాయిసీ స్టేట్ మీద ఆడి 56–55తో గెలిచింది. ఒక్క పాయింటు! బాయిసీ పిల్లలకు ఆ ఒక్క పాయింటు బరువు ఎంతో ఊహించుకోవచ్చు.

2002లో మరో పెద్ద మార్పు వచ్చింది. అంతకుముందు పడమటి ప్రాంతంలో వేసిన జట్టు తొలి ఆటల నుంచే పడమటికి వెళ్ళవలసివచ్చేది. కొత్త పద్ధతిలో జట్లను నాలుగేసి చొప్పున చిన్న గుంపులు చేసి, తొలి రెండు అంచెలను ఏ ప్రాంతపు వేదికలోనైనా ఆడించవచ్చు. దీనివల్ల పెద్ద సీడులకు ఇంటికి దగ్గర వేదికలు దక్కసాగాయి. మొదటి నాలుగు వరుసలవారిని తొలి ఆటలో ఎదుటివారి జనం మధ్యకు పంపరాదన్న రక్షణ కూడా ఉన్నది. దీనికి సమర్థన ఉన్నది. నాలుగు నెలలు కష్టపడి సంపాదించుకున్న వరుసకు ఏదో ఒక ఫలం ఉండాలి గదా, ప్రయాణాలు తగ్గితే పిల్లల చదువుకూ మంచిదే, హాళ్ళు నిండుతాయి. కాని రెండో వైపు చూడండి. పెద్ద సీడుకు బలహీనమైన ప్రత్యర్థి ఒక బహుమానం. దగ్గరి వేదిక రెండో బహుమానం. ఒకే పరీక్షకు రెండుసార్లు మార్కులు వేసినట్లు. ఉన్నవానికే వడ్డించడం ధర్మమా?

పైగా ఆ వరుసే తప్పయితే? ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. వరుస తప్పుగా పడినప్పుడు దెబ్బతినేది ఆ జట్టు ఒక్కటే కాదు. దాని పొరుగున పడిన జట్టు కూడా. 2014లో విచిటా స్టేట్ ఆడిన 34 ఆటలూ గెలిచి ఒకటో సీడు పొందింది. మరుసటి ఆటలోనూ గెలిచి, ఎనిమిదో సీడు కెంటకీతో తలపడింది. ఆ కెంటకీ నిజంగా ఎనిమిదో స్థాయి జట్టేనా? విచిటాను 78–76తో దాటి, నేరుగా తుదిపోరు దాకా వెళ్ళింది. కెంటకీని తక్కువ అంచనా వేసిన తప్పుకు శిక్ష పడినది విచిటాకు. పరీక్ష పేపరు దిద్దినవాడు ఒకరికి మార్కులు తగ్గిస్తే నష్టం ఆ ఒక్కరికే అనుకుంటాం. ఇక్కడ అట్లా కాదు.

వేదికల విషయంలో ఇట్టి చిక్కుముడికి 2017 గొప్ప ఉదాహరణ. ఆ ఏడు కొన్ని తొలి అంచె ఆటలు నార్త్ కరొలైనాలోని గ్రీన్స్‌బరోలో జరగవలసి ఉన్నది. డ్యూక్ విశ్వవిద్యాలయానికి అది గంట ప్రయాణం. 2016లో ఆ రాష్ట్రం ప్రభుత్వ భవనాలలోని స్నానశాలల వాడకం గురించి ఒక చట్టం చేసింది. జన్మపత్రంలో ఉన్న లింగాన్ని బట్టే ఎవరైనా వాటిని వాడాలని దాని సారం. దానికి నిరసనగా ఎన్‌సీఏఏ ఆ రాష్ట్రం నుంచి పోటీలు ఎత్తివేసింది. ఆటలు పొరుగున ఉన్న సౌత్ కరొలైనాలోని గ్రీన్‌విల్‌కు తరలాయి. ఆ రాష్ట్రానికి ఆ అర్హత తిరిగి వచ్చి రెండేళ్ళు కూడా కాలేదు. శాసనసభ ఆవరణలో అంతర్యుద్ధ కాలపు కాన్ఫెడరేట్ జెండా ఎగురుతున్నందుకు 2001 నుంచి అక్కడ ముందుగా ఖాయం చేసే పోటీలు పెట్టడం మానివేశారు. 2015 జూలైలో జెండా దింపాకనే మళ్ళీ వీలయింది. గ్రీన్‌విల్‌లో రెండో ఆట ఎవరెవరికి పడింది? రెండో సీడు డ్యూక్‌కూ, ఏడో సీడు సౌత్ కరొలైనాకూ. హాలు నిండా స్థానికులే. తొలి ఆటకు ఉన్న రక్షణ రెండో ఆటకు లేదు. సౌత్ కరొలైనా 88–81తో గెలిచి, చివరి నాలుగు జట్ల దాకా వెళ్ళింది. చట్టం చేసినవారు డ్యూక్ పిల్లలు కారు. జెండా దింపినవారు సౌత్ కరొలైనా పిల్లలు కారు. పెద్దల నిర్ణయాలు పిల్లల ఆటలో ఎట్లా వచ్చిపడతాయో చూడండి.

మహిళల పోటీ సంగతి చెప్పకపోతే ఈ టపా అసంపూర్ణం. ఎన్‌సీఏఏ మహిళల పోటీ 1982లో మొదలైంది. అక్కడ పద్ధతే వేరు. మేటి సీడులు తొలి రెండు అంచెలను సొంత క్రీడాశాలలోనే ఆడటం చాలాకాలంగా ఉన్న ఆచారం. జనం వస్తారు, ఖర్చు కలిసివస్తుంది అన్నది దాని సమర్థన. పురుషుల పోటీలో అన్యాయమని నిషేధించినది మహిళల పోటీలో పొదుపు పేరిట ధర్మమైంది! అయినా 1998లో ఒకటో సీడు స్టాన్‌ఫర్డ్‌ను దాని సొంత కోర్టులోనే పదహారో సీడు హార్వర్డ్ 71–67తో ఓడించింది. స్టాన్‌ఫర్డ్ ప్రధాన క్రీడాకారిణులిద్దరు అప్పటికే గాయపడి ఉన్నారన్నది నిజమే. కాని పురుషుల పోటీలో అటువంటి ఫలితం రావడానికి మరో ఇరవై ఏళ్ళు పట్టింది. 2018లో మేరీలాండ్ బాల్టిమోర్ కౌంటీ జట్టు 74–54తో వర్జీనియాను ఓడించినప్పుడు.

వేదిక అంటే ఆట జరిగే కోర్టు ఒక్కటే కాదని 2024 నిరూపించింది. ఆ ఏడు మహిళల తొలి అంచెకు వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పోకేన్ ఒక వేదిక. అదే వారం అదే ఊళ్ళో పురుషుల ఆటలు కూడా ఉండటంతో హోటళ్ళలో చోటు లేక, ఉటా జట్టుకు పొరుగు రాష్ట్రం ఐడహోలోని కోర్ దలేన్‌లో బస ఇచ్చారు. అక్కడి వీధిలో ఆ పిల్లలను జాతి దూషణలతో వేధించారు. వారు మరోచోటికి మారవలసివచ్చింది. ఆ తరువాత ఆడిన ఆట సమఉజ్జీల ఆట అని ఏ పట్టిక చెప్పగలదు? 1963 నుంచి అరవై ఏళ్ళు దాటినా వేదిక ప్రశ్నలో వర్ణం ప్రశ్న ఇంకా మిగిలే ఉన్నది.

లెక్కల వైపు నుంచి కొంత మేలు జరిగిన మాట నిజం. 1981లో వచ్చిన ఆర్‌పీఐ అనే కొలమానం మొదట్లో ఇంట గెలుపునూ బయట గెలుపునూ ఒకేలా చూసేది. 2004–05 నుంచి ఇంట గెలుపుకు 0.6, బయట గెలుపుకు 1.4 విలువ కట్టారు. 2018–19లో దాని స్థానంలో నెట్ అనే కొత్త కొలమానం వచ్చింది. అందులోనూ చోటుకు విలువ ఉన్నది. అత్యుత్తమ విజయం అని లెక్కపెట్టడానికి ఇంట్లో అయితే మొదటి 30 జట్లలో ఒకదానిని, తటస్థ వేదికలో 50లో ఒకదానిని, ఎదుటివారి ఊళ్ళో 75లో ఒకదానిని ఓడిస్తే చాలు. అంటే చోటుకు బలం ఉన్నదని నిర్వాహకులే అంకెల్లో ఒప్పుకున్నారు. కాని పెద్ద విశ్వవిద్యాలయాలు చిన్న కళాశాలల ఊళ్ళకు వెళ్ళి ఆడటం అరుదు. బయట గెలిస్తే విలువ ఎక్కువే. కాని ఇంటికి పిలిచినా రాని పెద్దజట్టును చిన్న కళాశాల ఎట్లా గెలుస్తుంది?

ఇంతకీ నా అభిప్రాయం చెప్పాలి గదా. సంపూర్ణ న్యాయం అసాధ్యం. 2025లో ఒకటో సీడు హ్యూస్టన్ తన ప్రాంతీయ ఆటను ఇండియానాపొలిస్‌లో ఆడవలసివచ్చింది. ప్రత్యర్థి నాలుగో సీడు పర్డ్యూ, అదే రాష్ట్రపు జట్టు. వరుస ఒకరిది, రచ్చ మరొకరిది. హ్యూస్టన్ 62–60తో బయటపడింది గనుక ఎవరూ గొడవ చేయలేదు. ఆ ఏడు నాలుగు ప్రాంతాల ఒకటో సీడులూ చివరి అంచెకు చేరాయి. 2008 తరువాత అట్లా జరగడం అదే. చూసేవారికి వరుసలన్నీ సక్రమం అనిపించింది. కాని ఫలితం చూసి పద్ధతిని మెచ్చుకోవడం న్యాయం కాదు. ఆ రెండు పాయింట్లు అటుగా పడి ఉంటే అదే పద్ధతిని తిట్టి ఉండేవారు.

పద్ధతిని పద్ధతిగానే చూడాలి. దానిని అడగవలసినవి నాకు మూడు తోస్తున్నాయి. నియమం ఎవరు గెలుస్తారో తెలియకముందే ప్రకటించి ఉన్నదా? అది పెద్దజట్టుకూ చిన్నజట్టుకూ ఒకేలా వర్తిస్తున్నదా? తప్పు బయటపడినప్పుడు సరిదిద్దుతున్నారా, లేక 1970లో వలె ఎదురుచెప్పినవారి దారి మూస్తున్నారా? మేరీలాండ్ బాధ 1975 నియమమైంది. బేటన్ రూజ్ ఆటలు 1989 నియమానికి దారితీశాయి. ఆ రెండు మార్పులూ ఎవరో ఓడిపోయిన పిల్లల కన్నీటి ఫలం. అయితే ఆ పిల్లలలో ఒక్కరికీ వారి ఆట తిరిగి రాలేదు. నియమాలు వేసే బల్ల దగ్గర కూర్చునేవారు ఈ మాట ఒక్కటి గుర్తుంచుకుంటే, మొదటి నాలుగు వరుసలకు ఇస్తున్న రక్షణలో కొంతైనా పదమూడో వరుసవారికి కూడా ఇవ్వవచ్చునన్న ఆలోచన రాకపోదు. తొలి రెండు అంచెల వేదికలైనా నిజమైన రచ్చబండలు కావాలనే నా కోరిక.

అమెరికాలో ఉంటూ ఈ ఆటలను హాలులో కూర్చుని చూసిన మిత్రులు మనలో ఉన్నారు. మీ పిల్లల విశ్వవిద్యాలయం దూరపు వేదికకు వెళ్ళి ఆడిన సందర్భాలు ఉంటే వ్యాఖ్యలలో రాయండి. నా అభిప్రాయంతో విభేదించేవారు మరీ తప్పక రాయండి.

స్వస్తి.